ఆరు నాది

ముప్ఫై ఒక్క ఏళ్ళు
చెన్నై రేవులో క్రేను నడిపాను.
ముప్ఫై టన్నుల పెట్టెని గాల్లోంచి దించి
లారీ వీపు మీద
నిద్రపోయిన పిల్లని పక్క మీద వేసినట్టు వేసేవాణ్ణి.
ఇప్పుడు నన్ను ఎత్తుతున్నారు.

పోరూరులో ఆసుపత్రి, మూడో అంతస్తు.
నడుముకి పట్టీ, తొడలకి పట్టీ,
నెత్తిమీద ఇనప దూలం, దానికో కొక్కెం.
కొక్కెం చూడగానే నవ్వొచ్చింది.
నోటికి కుడివైపే వచ్చింది.

"బయమా సార్?" అంది కయల్విళి.
ఇరవై ఆరేళ్ళుంటాయేమో, జడలో కనకాంబరాలు.
భయం కాదమ్మా,
ఈ మోకు ఎంత బరువు ఓర్చుకుంటుందో చూస్తున్నా, అన్నాను.
సగం మాటలు చొంగలో జారిపోయాయి.
మిగతా సగం, తెలుగు రాకపోయినా, ఆ పిల్లకి అందాయి.

ఎడమకాలు.
దాని గురించి ఎలా చెప్పను?
చచ్చిపోలేదు. చచ్చిపోతే ఏడ్చి ఊరుకునేవాణ్ణి.
అద్దె ఎగ్గొట్టినవాడిలా
ఇంట్లోనే ఉంటుంది, పిలిస్తే పలకదు.
సుగుణ వేణ్ణీళ్ళు కాచి, నూనె రాసి,
"ఏమే, లేవవే" అని
ఆడబిడ్డని తిట్టినట్టు తిట్టేది దాన్ని.

మర ఆ కాలికి ఇనప ఎముకలు తొడిగింది.
కింద పట్టా కదిలింది.
మోకాల్ని మడిచింది, చాచింది, పాదాన్ని మోపింది.
నడుస్తున్నాను.
కాదు, నన్ను నడుపుతోంది.
ఎదురుగా తెర మీద ఒక అంకె: వంద.
అంటే నడకంతా దానిదే.
నేను సరుకుని.

సరుకు బాధ ఇన్నాళ్ళూ తెలీలేదు నాకు.
పైన అద్దాల గదిలో కూర్చున్నవాడికి
కింద వేలాడేదాని కడుపులో ఏమవుతుందో
ఏం తెలుస్తుంది?

వంద. వంద. తొమ్మిది రోజులు వంద.
ఇంటింటికీ భోజనం చేరేసే కుర్రాడొకడు
నా తరవాత వచ్చి చేరి ఎనభైకి దిగాడు.
అసూయపడ్డాను, మొహమాటం లేకుండా.

పదో రోజు
మొదటేడు మా మేస్త్రీ గంగులప్ప చెప్పింది గుర్తొచ్చింది.
సరుకు ఊగితే ఎదురు లాగకురా,
అది ఎటు పోతే దాని వెంట పో,
ఊపు చివర ఒక్క క్షణం ఆగుతుంది చూడు,
అక్కడ పట్టుకో.
మర నా మోకాలిని పైకి తెచ్చి
కిందికి మోపే ముందు ఆగుతుంది,
రెప్పపాటు.
అక్కడ పట్టుకున్నాను.
దేంతో పట్టుకున్నానో అడక్కండి.

కయల్విళి తెర వైపు చూసి, చూపుడువేలెత్తి
గాల్లో చిన్న సున్నా చుట్టింది.
రేవులో ఆ సైగకి "ఎత్తు" అని అర్థం.
ఆ పిల్లకి తెలీదు, మళ్ళీ చెయ్యమంటోంది అంతే.
తెర మీద తొంభై నాలుగు.
తొంభై నాలుగు దానిది.
ఆరు నాది.

ఆ రాత్రి సుగుణకి చెప్తే
"ఆరేంటి, రూపాయలా?" అంది.
పూటకి పన్నెండొందలు కడుతున్న మనిషి,
ఆమె లెక్కలు ఆమెవి.

ఇంట్లో మర లేదు.
రాయపురంలో మా మంచానికీ స్నానాలగదికీ మధ్య
పదకొండు అడుగులు, ఒక గడప.
గడప దగ్గర కాలు ఇంకా వాదిస్తుంది.
కొన్నిసార్లు అదే గెలుస్తుంది.
గోడ పట్టుకుని, పట్టాల మీద గూడ్సు పోయేదాకా
అట్లాగే నిలబడతాను.

నిన్న చెప్పులు కుట్టే ఏలుమలై
నా జత తిరగేసి పెదవి విరిచాడు.
"కుడిది బానే ఉంది సారూ,
ఎడమది బొటనవేలి దగ్గర అరిగిపోయింది.
ఈడుస్తున్నారు."
అయిదు నెలలు ఆ చెప్పు మంచం కింద
ధర చీటీ కూడా ఊడకుండా పడుంది.

టైరు ముక్క వెయ్యనా, అన్నాడు.
వెయ్యి, అన్నాను.
మందంగా వెయ్యి.
మళ్ళీ అరగాలి కదా.